ప్రాజెక్ట్ రిపోర్టు, ఇంటర్న్‌షిప్, రెజ్యూమే: ఏఐని ఎక్కడిదాకా వాడొచ్చు?

వరిమడి_సీఎస్ఈ (ప్రశ్న)

నమస్తే అండి. బీటెక్ సీఎస్ఈ ఆఖరి సెమిస్టరు, నలుగురం ఒక బ్యాచ్. వరి ఆకు ఫోటో చూసి తెగులేమిటో చెప్పే సీఎన్ఎన్ (ఫోటోలను గుర్తుపట్టడం నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) మోడల్ మా ప్రాజెక్టు. మూడు వారాల్లో రిపోర్టు డ్రాఫ్ట్ ఇవ్వాలి, ఆ తర్వాత ఎక్స్‌టర్నల్ వైవా (బయటి ఎగ్జామినర్ పెట్టే మౌఖిక పరీక్ష). సిమిలారిటీ 20 శాతం దాటకూడదని గైడ్ చెప్పారు, ఏఐ శాతం కూడా చూస్తామన్నారు. అడగాలనుకున్నవి ఇవి:

సొంతంగా రాసుకున్న ఇంట్రడక్షన్‌ని ఆన్‌లైన్ డిటెక్టర్‌లో పెడితే 70 శాతం ఏఐ అని చూపిస్తోంది. దీన్ని తగ్గించడానికి, మనిషి రాసినట్టు మార్చిపెట్టే హ్యూమనైజర్ టూల్స్ వాడొచ్చా?

లిటరేచర్ సర్వేకి చాట్‌జీపీటీ ఇచ్చిన 20 రిఫరెన్సులు ఉన్నాయి. వాటిని అలాగే పెట్టొచ్చా?

కోడ్‌లో దాదాపు సగం ఏఐ రాసిందే, 99 శాతం ఆక్యురసీ వస్తోంది. వైవాలో ఏం అడుగుతారు?

బ్యాచ్‌లో ఒకరు చిన్న కంపెనీలో ఇంటర్న్‌గా చేస్తున్నారు. అక్కడి కోడ్‌ని చాట్‌బాట్‌లో పెట్టి అర్థం చేసుకోవడం తప్పవుతుందా?

---

లైబ్రరీ_మెట్లు

ముందు ఆ రెండు శాతాలను వేరు చేసి చూడండి. సిమిలారిటీ అంటే మీ వాక్యాలు వేరేచోట ఇప్పటికే ఉన్నాయా అన్న లెక్క. ఏ పేజీతో కలిసిందో రంగు వేసి చూపిస్తుంది కాబట్టి మీరు వెళ్ళి చూసుకోవచ్చు, కాదని వాదించనూ వచ్చు. ఏఐ శాతం అలాంటిది కాదు. పదం తర్వాత పదం ఎంత ఊహించదగ్గట్టు వస్తోందో చూసి వేసే అంచనా అది. ఎదురుగా పెట్టి చూపించడానికి మూలమంటూ ఏదీ ఉండదు.

మీ ఇంట్రడక్షన్‌కి 70 రావడంలో వింతేమీ లేదు. ‘వ్యవసాయం మన దేశానికి వెన్నెముక’ అని మొదలుపెట్టి, ‘ఇటీవలి కాలంలో డీప్ లెర్నింగ్ ఎంతో ప్రాధాన్యం సంతరించుకుంది’ అనే వాక్యంతో నడిపితే, మనిషి రాసినా యంత్రం రాసినా ఒకే పోతలో ఉంటుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళకు ఈ దెబ్బ ఎక్కువ. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మనుషులు రాసిన 91 టోఫెల్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లతో పరీక్షిస్తే, సగటున 61 శాతం వ్యాసాలు ఏఐ రాసినవిగా తేలాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం చాలడం లేదని అదే ఏడాది జులైలో తీసేసింది. కాలేజీలు వాడే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ అయితే 20 కన్నా తక్కువ వచ్చినప్పుడు అంకె వేయకుండా నక్షత్రం గుర్తు (*) పెట్టి వదిలేస్తుంది. ఆ స్థాయిలో పొరపాట్లు ఎక్కువని ఆ సంస్థే ఒప్పుకుంటోంది.

కాబట్టి ఉచిత వెబ్‌సైట్లలో పెట్టి శాతం చూసుకుంటూ నిద్ర పాడుచేసుకోవద్దు. ఆ సైట్లలో కొన్ని మీరు పేస్ట్ చేసిన రిపోర్టును దాచుకుంటాయి కూడా.

హ్యూమనైజర్ జోలికి మాత్రం అస్సలు పోకండి. అది చేసే పని మాటకు బదులు మాట పెట్టడమే, టెక్నికల్ పదం కనిపించినా ఆగదు. 2021లో గియోమ్ కబానాక్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు, తోటివాళ్ళతో కలిసి, అచ్చయిన పేపర్లలోనే ఇలాంటి వికారాలను పట్టుకున్నారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఉండాల్సిన చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’, బిగ్ డేటా ఉండాల్సిన చోట ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’, బ్రెస్ట్ క్యాన్సర్ బదులు ‘బోసమ్ పెరిల్’. మీ రిపోర్టులో లీఫ్ బ్లాస్ట్ (అగ్గితెగులు) అన్న మాట ఇలా ఇంకేదో అయి కూర్చుంటే, ఎక్స్‌టర్నల్‌కి డిటెక్టర్‌తో పనే ఉండదు. అక్కడితో మీ రిపోర్టు మీద నమ్మకం పోతుంది.

మిమ్మల్ని కాపాడేది శాతం కాదు, రాసిన జాడ. నలుగురూ ఒకే గూగుల్ డాక్‌లో, ఎవరి అకౌంట్‌తో వాళ్ళు రాయండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ రోజు ఎవరు ఏం కలిపారో, ఏం కొట్టేశారో కనిపిస్తుంది. వర్డ్ వాడితే ఫైల్‌ని వన్‌డ్రైవ్‌లో పెట్టి ఆటోసేవ్ ఆన్ చేస్తేనే ఆ హిస్టరీ వస్తుంది. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకున్న ఫైల్‌కి అది ఉండదు. ఎక్కడో రాసుకొచ్చి 1,200 పదాలు ఒకేసారి పేస్ట్ చేస్తే హిస్టరీలో ఒకే ముద్దగా కనిపిస్తుంది, అది మీకే ఎదురు తిరుగుతుంది. చేతిరాత నోట్సు ఉంటే ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పడేయండి.

ఇంగ్లిష్ సరిచేయించుకోవడానికి ఏఐని వాడొచ్చు, కానీ అడగడంలోనే ఉంది అంతా. ‘ఇంకా బాగా రాయి’ అని అడిగితే మీ పేరా పోయి దాని పేరా వస్తుంది. ఇలా అడగండి: ‘కింది పేరాలో వ్యాకరణ దోషాలు మాత్రమే చూపించు. వాక్యాలు తిరగరాయొద్దు, నా పదాలు మార్చొద్దు. ఒక్కో తప్పుకు కారణం ఒక లైనులో చెప్పు.’ వచ్చిన జాబితా చూసి మీ చేత్తో దిద్దుకోండి. పేరాకు ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ వాక్యం మీదే ఉంటుంది.

యూజీసీ 2018 నిబంధనల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సీనియర్లు అరకొరగా చెబుతుంటారు. అందులో సిమిలారిటీ 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 40 దాటి 60 వరకు అయితే ఏడాదిపాటు మళ్ళీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ శిక్షలు పీజీకి, ఆపై చదువులకు. బీటెక్‌కి మీ కాలేజీ పెట్టుకున్న హద్దే హద్దు, అంటే మీ విషయంలో 20. రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, అక్నాలెడ్జ్‌మెంట్స్ లెక్కలోకి రావు. సాధారణంగా వాడే మాటలు వరసగా 14 పదాల దాకా కలిసినా లెక్కలోకి రాదు. రిపోర్టు తీసేవాళ్ళు ఈ మినహాయింపులు పెట్టకుండా నడిపితే, ఉన్నదానికంటే ఎక్కువ శాతం చూపిస్తుంది. అంకె ఎక్కువ వస్తే మొదట అడగాల్సింది అదే.

---

కన్ఫ్యూజన్_మ్యాట్రిక్స్

రిఫరెన్సులూ కోడ్ సంగతీ నేను చెబుతాను. ఆ 99 చూస్తేనే కొంచెం కంగారుగా ఉంది.

మీరు వాడింది యూసీఐ రిపాజిటరీ (ఉచిత డేటాసెట్ల ఆన్‌లైన్ భండారం)లోని వరి ఆకుల డేటాసెట్టే అయితే, అందులో ఉన్నది 120 ఫోటోలు. మూడు తరగతులు, తరగతికి 40. అది చాలదని కోడ్‌లో ముందు ఆగ్‌మెంటేషన్ చేసి, ఒక్కో ఫోటోని తిప్పి, వెలుతురు మార్చి, 20 రకాలు చేస్తే 2,400 అవుతాయి. ఆ తర్వాత నేర్పడానికి ట్రెయిన్, పరీక్షించడానికి టెస్ట్ అని 80-20గా విడగొడితే టెస్ట్‌లో 480 పడతాయి. ఆ 480లో ప్రతి ఫోటోకీ తోబుట్టువులు ట్రెయిన్‌లో ఉంటాయి. మోడల్ తెగులును కాదు, ఆ ఆకునే గుర్తుపట్టి చెబుతోంది. 99 అలా వస్తుంది. చాట్‌బాట్‌ను ‘ఆగ్‌మెంటేషన్‌తో పూర్తి కోడ్ ఇవ్వు’ అంటే ఈ తప్పు వరస తరచూ వస్తుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ అనుమానించరు.

చేయాల్సింది ఇది. ఒరిజినల్ 120ని ముందు విడగొట్టండి. టెస్ట్‌కి తరగతికి 8 చొప్పున 24, మిగతా 96 ట్రెయిన్‌కి. ఆగ్‌మెంటేషన్ ఆ 96 మీదే. ఇంకా మంచిది ఐదు మడతల క్రాస్ వాలిడేషన్, అంటే 120ని ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కోసారి టెస్ట్‌గా పెట్టి ఐదుసార్లు నడపడం: ప్రతి ఫోటో ఒకసారి టెస్ట్‌లోకి వస్తుంది, ఐదు అంకెల సగటు, వాటి తేడా రెండూ రిపోర్టులో రాయొచ్చు. అప్పుడు 99 పడిపోతుంది. పడిపోనివ్వండి. ‘మొదట 99 వచ్చింది, డేటా లీకేజ్ (టెస్ట్ ఫోటోల జాడ ట్రెయిన్‌లోకి పోవడం) అని కనిపెట్టి సరిచేశాం, ఇప్పుడు ఇంత’ అని రెండు అంకెలూ పట్టికలో పెడితే మీ రిపోర్టులో అన్నిటికంటే విలువైన పేజీ అదే అవుతుంది.

ఇంకో చిన్న లెక్క, ఎక్స్‌టర్నల్స్ పట్టుకునేది. టెస్ట్‌లో 24 ఫోటోలే ఉంటే 23 సరైతే 95.83 శాతం, 24 సరైతే 100. మధ్యలో ఏమీ లేదు. 24 ఫోటోల టెస్ట్ అని ఒక పేజీలో రాసి, ఇంకో పేజీలో 97.6 అని రాస్తే ఆ అంకె ఎక్కడిదో చెప్పలేరు. ఫలితాల అధ్యాయాన్ని ఏఐ చేత రాయించినప్పుడు ఇలాంటి అంకెలు వచ్చిపడతాయి. ఫలితాల అధ్యాయంలో ప్రతి అంకెకూ నోట్‌బుక్‌లో ఒక సెల్ ఉండాలి.

కెరాస్ (న్యూరల్ నెట్‌వర్కులు రాసే పైథాన్ లైబ్రరీ) వాడుతుంటే ఈ మూడు చోట్లా మీ కళ్ళతో చూడండి. టెస్ట్ జనరేటర్‌కి షఫుల్ ఫాల్స్ (ఫోటోల వరస కలిపేయొద్దనే సెట్టింగ్) ఇచ్చారా? ఇవ్వకపోతే అంచనాల వరస ఒకటి, అసలు లేబుళ్ళ వరస ఒకటి అయి, ఇవాల్యుయేట్‌లో మంచి ఆక్యురసీ కనిపించినా కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ (ఏ తరగతిని ఏదిగా చెప్పిందో చూపే పట్టిక)లో సరైనవి మూడో వంతు దగ్గర కొట్టుకుంటాయి. రెండోది, ఫోల్డర్ పేర్లు అక్షరక్రమంలో అంకెలవుతాయి. ఏఐ ఇచ్చిన కోడ్‌లో తరగతుల పేర్లు చేత్తో వేరే వరసలో రాసి ఉంటే ఎండాకు తెగులు మచ్చ తెగులుగా మారిపోతుంది. మూడోది, ఎఫిషియెంట్‌నెట్ (ముందే తయారై ఉన్న ఒక మోడల్) తీసుకుంటే పిక్సెల్ అంకెలు తగ్గించే స్కేలింగ్ మోడల్ లోపలే ఉంది. మళ్ళీ 255తో భాగిస్తే ఇన్‌పుట్ మొత్తం దాదాపు నలుపైపోయి మోడల్ సరిగ్గా నేర్చుకోదు.

వైవాకి తయారవడానికి ఏఐని తిరగేసి వాడండి. మీ కోడ్ ఇచ్చి, ‘నువ్వు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌వి. ప్రతి బ్లాకుకీ ఇది తీసేస్తే ఏమవుతుంది అనే రకం ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు. జవాబు నేను చెప్పేదాకా నువ్వు చెప్పొద్దు’ అనండి. డ్రాపవుట్ 0.5 ఎందుకు, లెర్నింగ్ రేటు 0.001 ఎందుకు అన్నదానికి ‘డిఫాల్ట్ అండి’ అనే జవాబు నలుగురిలో ఎవరి నోటా రాకూడదు. నోరు పెగలని బ్లాకు ఉంటే అది మీది కాదన్నట్టే. తీసేసి మీకు తెలిసినట్టు రాసుకోండి, లైన్లు పెరిగినా పరవాలేదు.

రిఫరెన్సులు అలాగే పెట్టొద్దు. చాట్‌బాట్ ఇచ్చే నకిలీ రిఫరెన్సు పచ్చి అబద్ధంలా ఉండదు. జర్నల్ నిజం, రచయితలు నిజం, సంవత్సరం నమ్మేలా ఉంటుంది, పేపర్ మాత్రం పుట్టలేదు. ఒక్కో దానికి ఇలా చూడండి: డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెట్టండి. తెరుచుకోవడం చాలదు, అదే శీర్షిక వచ్చిందా చూడాలి. వేరే పేపర్‌కి పోయే డీఓఐలు చాలా ఉంటాయి. డీఓఐ లేకపోతే శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. లింకు ఏమీ లేకుండా ముందు ‘సైటేషన్’ అని మాత్రమే ఉన్న ఎంట్రీ కనిపిస్తే, పేపర్ ఉందని అనుకోవద్దు. ఎవరో ఒకరు అదే నకిలీని తమ పేపర్‌లో పెట్టినా స్కాలర్ అలా ఎక్కిస్తుంది. పీడీఎఫ్ గానీ పబ్లిషర్ పేజీ గానీ తెరుచుకోవాలి. చివరగా, మీరు ఆ పేపర్ పేరు మీద రాసిన అంకె నిజంగా అందులో ఉందా చూడండి. రిఫరెన్సుకు పది నిమిషాలు వేసుకుంటే 20కి మూడు గంటల ఇరవై నిమిషాలు. నలుగురు పంచుకుంటే ఒక సాయంత్రం పని.

మీ టాపిక్‌లో ప్రత్యేకంగా ఒకటి: ‘ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌లోని వరి ఆకులపై’ అనే వాక్యం సర్వేలో ఉంటే వెంటనే ఆపండి. ప్లాంట్‌విలేజ్‌లో 14 పంటలు, 38 తరగతులు, 54 వేల పైచిలుకు ఫోటోలు ఉన్నాయి. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, ద్రాక్ష ఉన్నాయి. వరి లేదు. ఈ ఒక్క వాక్యం చాలు, సర్వే చదవకుండా రాశారని తెలియడానికి.

---

పేరెందుకు_17

పైన చెప్పినవన్నీ బాగున్నాయి గానీ, ఏఐ వాడామని డిక్లరేషన్ రాయమని ఎవరైనా చెబితే మాత్రం రాయకండి. మన కాలేజీల్లో ‘ఏఐ వాడాం’ అని రాస్తే మొత్తం ఏఐ రాసిందనే అనుకుంటారు. రాయనివాడికి మార్కులు, రాసినవాడికి ప్రశ్నలు.

---

లైబ్రరీ_మెట్లు

పేరెందుకు గారూ, మీ భయం అర్థం కానిది కాదు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో అలాగే చూస్తారు. కానీ దాచాక బయటపడితే పడే శిక్ష, ముందే చెబితే వచ్చే ప్రశ్నకన్నా చాలా పెద్దది. పైగా ‘ఏఐ వాడాం’ అన్న రెండు ముక్కలు రాస్తేనే మీరన్న అనుమానం వస్తుంది. ఎక్కడ, దేనికి అన్నది రాస్తే రాదు.

ముందు గైడ్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి: వ్యాకరణానికి, కోడ్‌లో ఎర్రర్లు వెతకడానికి ఏఐ వాడవచ్చా, రిపోర్టులో ఎక్కడ రాయమంటారు? నోటి మాట గుర్తుండదు, మెయిల్ ఉంటుంది. వద్దంటే వద్దు, అక్కడితో ఆ మాట అయిపోయింది. సరేనంటే అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో ఈ పోతలో రాయండి:

‘3, 4 అధ్యాయాల్లో వ్యాకరణం సరిచూసుకోవడానికి, ట్రెయినింగ్ కోడ్‌లో ఎర్రర్లు వెతకడానికి చాట్‌జీపీటీ వాడాం. డేటా విభజన, ప్రయోగాలు, ఫలితాలు, వాటి వివరణ బ్యాచ్ సభ్యులవి. రిఫరెన్సులన్నీ మూల పేపర్లతో సరిచూశాం.’

మీ కోడ్ సంగతి సగం అన్నారు కాబట్టి, ‘ఎర్రర్లు వెతకడానికి’ అని మాత్రమే రాస్తే అది నిజం కాదు. ఏ ఫైళ్ళు ఏఐ రాసిందో ఆ పేర్లే రాయండి, కోడ్‌తో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్‌లోనూ రాయండి. రేపు దీన్నే పేపర్‌గా పంపాలనుకుంటే ఈ అలవాటు ఎలాగూ కావాలి. ఇంజినీరింగ్ పేపర్లు అచ్చువేసే ఐఈఈఈ సంస్థ అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో ఏ టూల్ ఎక్కడ వాడారో రాయమంటుంది. ఏఐని రచయితగా మాత్రం పెట్టకూడదని పబ్లికేషన్ నీతిని చూసే కోప్ సంస్థ 2023లోనే తేల్చి చెప్పింది, ఎందుకంటే తప్పు జరిగితే జవాబు చెప్పేది మనిషే.

---

ప్రొడక్షన్_శుక్రవారం

ఇంటర్న్‌షిప్ ప్రశ్నకు వస్తాను. జవాబు సూటిగా: కంపెనీ ఇచ్చిన అకౌంట్‌లో, కంపెనీ ఒప్పుకున్న టూల్‌లో తప్ప, అక్కడి కోడ్ ఒక్క ఫైల్ కూడా బయటి చాట్‌బాట్‌లో పెట్టకూడదు. చేరేటప్పుడు సంతకం పెట్టిన ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం)లో ‘కంపెనీ సమాచారం మూడో పక్షానికి ఇవ్వను’ అని ఉంటుంది. చాట్‌బాట్ మూడో పక్షమే. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టినందుకు ఆ కంపెనీ మే నెలలో ఇలాంటి టూల్స్‌నే నిషేధించింది. మన కేంద్ర ఆర్థికశాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని ఉద్యోగులకు సర్క్యులర్ ఇచ్చింది.

‘సెట్టింగ్స్‌లో ట్రెయినింగ్ ఆపేశాను కదా’ అంటారు. ఆపాల్సిందే: చాట్‌జీపీటీలో డేటా కంట్రోల్స్‌లోకి వెళ్ళి ‘ఇంప్రూవ్ ద మోడల్ ఫర్ ఎవ్రీవన్’ ఆఫ్ చేయాలి. కానీ అది ట్రెయినింగ్ వరకే. సమాచారం వాళ్ళ సర్వర్‌కి పోవడం ఆగదు. టెంపరరీ చాట్ కూడా 30 రోజుల దాకా అక్కడ ఉండొచ్చు. గూగుల్ జెమినైలో మనుషులు సమీక్షించిన చాట్‌లు మీరు డిలీట్ చేసినా మూడేళ్ళ దాకా ఉంటాయి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైల్ అయితే ఇంకా పెద్ద విషయం. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. కట్టేది కంపెనీ అయినా, ఎవరి వల్ల జరిగిందో వెతుకుతారు.

అర్థం కానిదాన్ని అడగడానికి వేరే దారి ఉంది. కోడ్ ఇవ్వకుండా సమస్యని ఇవ్వండి. టేబుల్ పేర్లు మార్చి, మూడు కాలమ్‌ల బొమ్మ టేబుల్ ఒకటి తయారుచేసి, ‘ఇలాంటి రెండు టేబుళ్ళని కలిపితే వరసలు రెట్టింపు అవుతున్నాయి, ఎందుకు?’ అని అడగండి. ఎర్రర్ మెసేజ్ పేస్ట్ చేసేముందు అందులో సర్వర్ పేరు, యూజర్ పేరు, టోకెన్ ఉన్నాయేమో తుడవండి. పొరపాటున కీ (సర్వర్‌లోకి అనుమతిచ్చే రహస్య కోడ్) పేస్ట్ అయితే చాట్ డిలీట్ చేయడం చాలదు. ఆ కీని వెంటనే రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి, టీమ్ లీడ్‌కి అదే గంటలో చెప్పాలి. ఆలస్యమే అసలు తప్పు అవుతుంది.

ఇంకొకటి: ఏఐ చెప్పిన ప్యాకేజీని కళ్ళు మూసుకుని పిప్ ఇన్‌స్టాల్ (పైథాన్ ప్యాకేజీని దించే కమాండ్) కొట్టొద్దు. లేని ప్యాకేజీల పేర్లు అది నమ్మకంగా చెబుతుంది. ఆ పేర్లనే ముందుగా రిజిస్టర్ చేసి అందులో హానికర కోడ్ పెట్టే అవకాశం దొంగలకు ఉంది. పైపీఐ (పైథాన్ ప్యాకేజీల సైట్) పేజీ తెరిచి మొదటి రిలీజ్ ఎప్పుడు, గిట్‌హబ్ లింకు ఉందా, పేరు స్పెల్లింగ్ సరిగ్గా అదేనా చూడండి. రెండు నిమిషాలు పట్టదు.

అనుభవమున్న పెద్దసంస్థలు కూడా సరిచూడకుండా పంపి ఇరుక్కున్నాయి. 2025లో కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ ఆస్ట్రేలియా అక్కడి ప్రభుత్వానికి ఇచ్చిన సుమారు 4.4 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల రిపోర్టులో లేని రిఫరెన్సులు, కోర్టు తీర్పులోంచి తీసినట్టు పెట్టిన కల్పిత వాక్యం బయటపడ్డాయి. డబ్బు కొంత వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. కాలేజీ సర్వేలో చూసీచూడనట్టు వదిలేసే తప్పు ఆఫీసులో ఆ రూపంలో వస్తుంది.

---

వరిమడి_సీఎస్ఈ

అందరికీ చాలా థాంక్స్ అండి. డేటా చూశాం, మాది ఆ 120 ఫోటోల సెట్టే, ఆగ్‌మెంటేషన్ ముందే జరిగింది. విడగొట్టి మళ్ళీ నడుపుతున్నాం. సర్వేలో ప్లాంట్‌విలేజ్ వాక్యం కూడా ఉంది, తీసేశాం.

ఇంకో ప్రశ్న. ఆఫ్ క్యాంపస్‌కి రెజ్యూమే చేసుకోవాలి. ఏఐ ఇచ్చిన వెర్షన్ చాలా గొప్పగా ఉంది, కానీ నాదిలా లేదు. ఎంతవరకు ఉంచుకోవాలి? ఇంటర్వ్యూలో పక్కన ఏఐ పెట్టుకునేవాళ్ళు ఉన్నారంటున్నారు, నిజమేనా?

---

షార్ట్‌లిస్ట్_బల్ల

నాదిలా లేదు అని మీకే అనిపించింది కదా, ఆ కొలతనే వాడండి. ఏఐ రెజ్యూమేలో మూడుచోట్ల పెంచుతుంది: క్రియ, అంకె, టూల్ పేరు. నలుగురి బ్యాచ్‌లో ఒకరైన మీ వాక్యం ‘ప్రాజెక్టుకు నాయకత్వం వహించాను’ అవుతుంది. మీరు కొలవని చోట ‘30 శాతం మెరుగుపరిచాను’ వస్తుంది. ఎప్పుడూ ముట్టని డాకర్, క్యూబర్‌నెటీస్ స్కిల్స్‌లో చేరతాయి. ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాలూ ఈ మూడింటి మీదే పోతాయి. మీ బ్యాచ్‌లో నలుగురూ ఒకే కంపెనీకి పంపి నలుగురూ ‘నాయకత్వం వహించాను’ అని రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇలా జరగడం అరుదేమీ కాదు.

ఇలా చేయండి. మొదట ఏఐ లేకుండా, తెలుగులోనైనా సరే, ప్రాజెక్టులో మీ చేత్తో చేసినవి పది లైన్లు రాసుకోండి. ఫోటోలు ఎవరు విడగొట్టారు, ఏ స్క్రిప్టు ఎవరిది, ఏ తప్పు ఎవరు పట్టారు. తర్వాత ఆ లైన్లనూ ఉద్యోగ ప్రకటననూ ఇచ్చి అడగండి: ‘ప్రకటనలో అడిగిన నైపుణ్యాల్లో నా లైన్లలో ఆధారం ఉన్నవి ఏవి, లేనివి ఏవి? లేనివాటిని రెజ్యూమేలో రాయొద్దు. కొత్త అంకెలు చేర్చొద్దు.’ లేనివాటి జాబితా మీ వచ్చే నెల చదువు. ఉన్నవాటితో ఒక పేజీ రెజ్యూమే. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పుట్టినతేదీ తీసేసి ఏఐకి ఇవ్వండి. ఆధార్, పాన్ నంబర్లు రెజ్యూమేలోనే ఉండక్కర్లేదు.

మీ ప్రాజెక్టు లైను ఇప్పుడు ఇలా ఉండొచ్చు: ‘120 వరి ఆకు ఫోటోలపై సీఎన్ఎన్ మోడల్, ఆగ్‌మెంటేషన్ వల్ల వచ్చిన డేటా లీకేజ్ గుర్తించి, ఐదు మడతల క్రాస్ వాలిడేషన్‌తో మళ్ళీ కొలిచాం.’ దీని తర్వాత అసలు వచ్చిన సగటు అంకె. ఉట్టి 99 రాసిన పది రెజ్యూమేల మధ్య ఈ లైను దగ్గర చెయ్యి ఆగుతుంది.

రూపం విషయంలో ఒకటే పరీక్ష. పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే చదువూ స్కిల్సూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించొచ్చు. ఏటీఎస్ (కంపెనీలు రెజ్యూమేలు వడపోసే సాఫ్ట్‌వేర్) చదివేదీ దాదాపు అదే. ఒకే కాలమ్, మామూలు శీర్షికలు, బొమ్మల్లో అక్షరాలు వద్దు. ప్రకటనలోని మాటలన్నీ తెల్ల రంగులో దాచిపెట్టే చిట్కా యూట్యూబ్‌లో తిరుగుతోంది. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయగానే అవన్నీ నల్లగా బయటపడతాయి, అవతలివాళ్ళకీ అలాగే కనిపిస్తాయి. ఆ రెజ్యూమేని ఇక చదవరు.

ఇంటర్వ్యూలో పక్కన ఏఐ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, నిజమే. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఒకే లెక్కన కొన్ని సెకన్లు ఆగడం, కళ్ళు ఒకే వరసలో కదలడం, జవాబు పుస్తకంలా రావడం, ‘అందులో రెండో పాయింట్ మీ ప్రాజెక్టులో ఎక్కడ వచ్చింది?’ అంటే మాట తడబడడం. అడిగేవాళ్ళకి ఇది పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. దొరికితే ఆ కంపెనీ తలుపు చాలాకాలం మూసుకుంటుంది, చేరాక తెలిస్తే ఆఫర్ పోతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని తిరిగేవాళ్ళ మాట కూడా ఇలాంటిదే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగితే నిలవదు.

ముందురోజు మాత్రం ఏఐని బాగా వాడుకోండి. వాయిస్ మోడ్‌లో ప్రకటన ఇచ్చి అరగంట మాక్ ఇంటర్వ్యూ చేయించుకోండి. మీ జవాబుని పొగడొద్దని, ఎక్కడ అస్పష్టంగా ఉందో చెప్పమని ముందే చెప్పండి, లేకపోతే ప్రతిదానికీ ‘చాలా బాగా చెప్పారు’ అంటుంది.

---

మ్యూనిక్_నుంచి

బయట చదువుకు పోవాలనుకునేవాళ్ళ కోసం రెండు మాటలు. జర్మనీలో థీసిస్ చివర ‘ఇది నేనే రాశాను, వాడిన సహాయాలన్నీ పేర్కొన్నాను’ అని సంతకం పెట్టాలి. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు ఏఐ టూల్స్‌ని కూడా ఆ పత్రంలో చేర్చాయి. సంతకం పెట్టాక అబద్ధమని తేలితే ఫెయిల్‌తో ఆగకపోవచ్చు. అమెరికాలో నియమం యూనివర్సిటీకి ఒకటి కాదు, కోర్సుకు ఒకటి. ఒకే సెమిస్టరులో ఒక ప్రొఫెసర్ వాడమంటారు, పక్క ప్రొఫెసర్ వద్దంటారు. మొదటి వారంలోనే ప్రతి సిలబస్‌లో ఆ పేరా వెతికి పెట్టుకోండి, లేకపోతే మెయిల్‌లో అడగండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళకి సస్పెన్షన్ అంటే ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ పోవడం, దాంతో వీసా స్టేటస్‌కే ముప్పు. ఇక ఎస్ఓపీ (అడ్మిషన్ కోసం మన గురించి రాసే వ్యాసం)లో ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే మక్కువ’ అనే పేరా ఏఐ అందరికీ ఇస్తుంది. ఆ స్థానంలో మీ లీకేజ్ సంగతి రాయండి.

---

వరిమడి_సీఎస్ఈ

ఐదు మడతలు నడిచాయి. అంకెలు: 83.33, 91.67, 87.5, 79.17, 87.5. సగటు 85.83. గైడ్‌కి మెయిల్ పెట్టాం, ఏఐ వాడిన ఫైళ్ళ పేర్లు అక్నాలెడ్జ్‌మెంట్‌లో పెట్టమన్నారు. రిఫరెన్సుల్లో 20కి ఏడు దొరకలేదు, ఆ ఏడూ కొట్టేశాం.

---

కన్ఫ్యూజన్_మ్యాట్రిక్స్

నాలుగో మడతలో 79.17 అంటే 24లో ఐదు తప్పు. ఆ ఐదు ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఐదూ ఒకే తరగతివా, మసకగా ఉన్నవా, మచ్చలు చిన్నగా ఉన్న తొలి దశవా అని. వాటిని ఒక పేజీలో బొమ్మలుగా పెట్టి కింద కారణం రాయండి. ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్న ఆ పేజీ మీదే వస్తుంది.